ఆదివారం తలుపులు తెరిచినంత మాత్రాన ఇల్లు అమ్ముడుపోతుందా?

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం చిన్నదిగానే కనిపిస్తుంది. అయినా న్యూజెర్సీలో గానీ టెక్సస్‌లో గానీ ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రతి తెలుగు కుటుంబంలోనూ దీని మీద కాసేపైనా వాదన జరిగే ఉంటుంది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ తలుపులు బార్లా తెరిచిపెడితే, అంటే ‘ఓపెన్ హౌస్’ పెడితే, ఇల్లు నిజంగా అమ్ముడుపోతుందా, లేక ఏజెంటుకు పది ఫోన్ నంబర్లు దొరకడం తప్ప మనకు ఒరిగేదేమీ ఉండదా అన్నదే ఆ వాదన. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇళ్ల కొరత ఉన్న ఊళ్లో, సరైన ధరకు పెట్టిన ఇంటికి, మొదటి వారాంతంలో పెట్టే ఓపెన్ హౌస్ అమ్మేవారికి మేలు చేస్తుంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాని ఫలం ఎక్కువగా ఏజెంటుకే చెందుతుంది.

ఓపెన్ హౌస్ వృథా అనేవారు సాధారణంగా చూపించే లెక్క ఒకటుంది. అమెరికాలో ఇళ్ల ఏజెంట్ల సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ ఏటా ఇళ్లు కొన్నవారిని సర్వే చేస్తుంది. కొన్న ఇంటి సంగతి మొదట ఎలా తెలిసిందని అడిగితే, ఇటీవలి సంవత్సరాల్లో సగం మందికి పైగా ఇంటర్నెట్‌లోనే అని చెబుతున్నారు. ఇంటి ముందు బోర్డు చూసో, ఓపెన్ హౌస్‌కు వెళ్లో తెలుసుకున్నామనేవారు పదో వంతు కూడా లేరు. లెక్కలో తప్పులేదు. అయితే ఆ ప్రశ్న అడుగుతున్నది ఇల్లు ఎలా కంటపడిందనే తప్ప, కొనాలన్న నిర్ణయం ఎక్కడ కుదిరిందని కాదు. ఇళ్ల అమ్మకాల వెబ్‌సైటు జిల్లోలో ఫోటోలు చూసి ఆదివారం ఓపెన్ హౌస్‌కు వచ్చి, వంటింట్లో నిలబడి సరేననుకున్న దంపతులు కూడా ఆ సర్వేలో ఇంటర్నెట్ ఖాతాలోకే వెళతారు.

ఇంకొందరు 2020 సంవత్సరాన్ని ఉదహరిస్తారు. కోవిడ్ వల్ల ఆ వసంతంలో చాలా రాష్ట్రాల్లో ఓపెన్ హౌస్‌లు ఆగిపోయాయి. అయినా ఆ ఏడాది అమెరికాలో 56.4 లక్షల పాత ఇళ్లు చేతులు మారాయి, 2006 తరువాత అప్పటికి అదే అత్యధికం. ఈ వాదన నాకు అంతగా రుచించదు. ముప్పై ఏళ్ల రుణం మీద వడ్డీ మూడు శాతం కన్నా కిందికి దిగిన రోజులవి. అలాంటి గిరాకీలో తలుపులు తెరిచినా మూసినా ఇళ్లు అమ్ముడయ్యేవి. 2023 అక్టోబరులో అదే వడ్డీ 7.79 శాతానికి చేరినప్పుడు ఓపెన్ హౌస్‌లన్నీ యథాప్రకారం జరిగాయి, అమ్మకాలు మాత్రం పడిపోయాయి.

మరి అది పనిచేసే చోట ఎలా పనిచేస్తుంది? న్యూజెర్సీలోని ఎడిసన్ పరిసరాల్లో ఇల్లు అమ్మిన వారికి ఈ వరుస తెలిసే ఉంటుంది. గురువారం లిస్టింగ్, అంటే అమ్మకపు ప్రకటన, పడుతుంది, శని ఆదివారాల్లో ఓపెన్ హౌస్ జరుగుతుంది, ఎంతకు కొంటారో చెప్పే తుది ఆఫర్లు సోమవారం సాయంత్రంలోగా పంపమంటారు. అపాయింట్‌మెంట్ తీసుకుని విడివిడిగా వచ్చేవారికి తమకు పోటీ ఎంతుందో తెలియదు. ఓపెన్ హౌస్‌లో అది కళ్లెదుటే కనిపిస్తుంది. వాకిట్లో చెప్పులు, బూట్లు గుట్టగా పడి ఉంటాయి. ఒకాయన గుమ్మం ఎదుట నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ఇల్లు తూర్పు ముఖమా, ఈశాన్యానికి కాస్త తిరిగిందా అని చూస్తుంటాడు. ఆయన వెనకే మరొకాయన అదే పని మీద ఫోన్ తీస్తాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నాక రాసే ఆఫర్‌కూ, ఎవరినీ చూడకుండా రాసే ఆఫర్‌కూ తేడా ఉంటుంది. వచ్చినవారిలో సగం మంది ఇరుగుపొరుగువారే, ఊరికే చూసిపోవడానికి వస్తారని కొందరు విసుక్కుంటారు గానీ, మనవాళ్ల విషయంలో ఆ విసుగు అనవసరం. అదే స్కూలు పరిధిలో ఇల్లు వెతుకుతున్న తోడల్లుడికో, ఆఫీసు స్నేహితుడికో ఆ రాత్రికే వాట్సాప్‌లో ఫోటోలు పంపేది ఆ పొరుగువారే.

ఇదే పద్ధతి టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో అంతగా పారదు. అక్కడ బిల్డర్లు నమూనాగా కట్టి చూపించే మోడల్ హోమ్‌లు దాదాపు రోజూ తెరిచే ఉంటాయి. కొత్త ఇంటితో పాటు వడ్డీ తగ్గింపు, ఇల్లు చేతులు మారేటప్పుడు కట్టే క్లోజింగ్ ఖర్చుల్లో సాయం కూడా బిల్డర్ ఇవ్వగలడు. ఎనిమిదేళ్ల పాత ఇంటిని మూడు గంటలు తెరిచిపెట్టి దానితో పోటీపడలేము. అక్కడ మాట్లాడేది ధర, పెరటి స్థలం, స్కూలు.

ఇక ఏజెంటు సంగతి. వచ్చినవారు గుమ్మంలో పేరు, నంబరు రాసి లోపలికి వెళతారు. వారిలో మీ ఇల్లు కొననివారు కూడా రేపు ఎక్కడో ఒకచోట కొంటారు, ఆ కొనుగోలుకు ఆ ఏజెంటే తోడు వెళ్లవచ్చు. ఇది మోసం కాదు, వృత్తి. ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కావన్న సంగతి మాత్రం అమ్మేవారు గుర్తుంచుకోవాలి. మీ ఇంటికి మరో పదివేల డాలర్లు వస్తే, రెండున్నర శాతం కమిషన్ లెక్కన ఏజెంటుకు అదనంగా ముట్టేది 250 డాలర్లు, అందులోనూ ఆయన పనిచేసే బ్రోకరేజీ సంస్థకు వాటా పోతుంది. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో ప్రాంతపు అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారని తేల్చారు. అది ఓపెన్ హౌస్‌ల మీద జరిగిన అధ్యయనం కాదు. కానీ సోమవారం సాయంత్రం వచ్చిన మొదటి ఆఫర్‌కే సంతకం పెట్టమని మీ ఏజెంటు తొందరపెడితే మీకు గుర్తుకు రావలసిన లెక్క అదే.

2024 ఆగస్టు 17 నుంచి అమలవుతున్న కొత్త నిబంధనలు ఓపెన్ హౌస్‌కు కొంత బలం చేకూర్చాయి. కొనేవారు తమ ఏజెంటుతో కలిసి ఇల్లు చూడాలంటే ముందుగా లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఓపెన్ హౌస్‌కు తమంతట తాము వెళ్లేవారికి ఆ అవసరం లేదు. కాగితం మీద సంతకం పెట్టడానికి ఇంకా సిద్ధపడని కుటుంబాలకు ఇల్లు చూసే తేలికైన దారి ఇదే. అలా వెళ్లేవారికి ఒక హెచ్చరిక: గుమ్మంలో నవ్వుతూ పలకరించేది అమ్మేవారి తరఫు మనిషి, మీ బడ్జెట్ ఎంతవరకు సాగుతుందో అక్కడ చెప్పకండి. వంటింట్లో తెలుగులో గుసగుసలాడుకుంటే ఎవరికీ అర్థం కాదనుకోవడమూ పొరపాటే. ఈ రోజుల్లో ఆ ఇల్లు మన గుంటూరు వాళ్లదే అయి ఉండవచ్చు.

అమ్మేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు మీకు చాలావరకు తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. బంగారం ముందురోజే బ్యాంకు లాకరుకు చేరాలి. పాస్‌పోర్టులు, ఐ-797 వంటి వీసా కాగితాలు, మందుల సీసాలు ఇంట్లో ఉండకూడదు. మందులు పోవడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ వారాంతం ఇంగువ పోపు మానుకోండి. పూజగదిని ఖాళీ చేయమని కొందరు ఏజెంట్లు చెబుతారు గానీ, కొనేవారిలో మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటలో అది ఇంటికి అదనపు ఆకర్షణే అని నా నమ్మకం. కెమెరాలుంటే ఉన్నాయని బోర్డు పెట్టండి, వచ్చినవారి మాటలను రహస్యంగా రికార్డు చేస్తే చట్టపరమైన చిక్కులు రావచ్చు.

రెండు వారాంతాలు గడిచినా ఆఫర్ రాకపోతే, మూడో ఆదివారం కూడా తలుపులు తెరుద్దామని ఏజెంటు అంటాడు. ఒప్పుకునే ముందు రెండు ప్రశ్నలు వేయండి: వచ్చినవారిలో మళ్లీ చూస్తామని అడిగినవారు ఎందరు, వద్దనుకున్నవారు చెప్పిన కారణమేమిటి? మళ్లీ చూస్తామన్నవారు ఒక్కరూ లేకపోతే లోపం దాదాపు ఎప్పుడూ ధరలోనే ఉంటుంది. అప్పుడు ధర తగ్గించి, ఆ కొత్త ధరకు మరొక్కసారి ఓపెన్ హౌస్ పెట్టడంలో అర్థముంది. పాత ధరకే పెట్టే మూడో ఓపెన్ హౌస్‌కు నేనైతే ఒప్పుకోను.