హంతకుడెవరో ముందే చెప్పేసి కూడా టెన్షన్ పెట్టిన సినిమా | దృశ్యం రివ్యూ

హాయ్ అండి అందరికీ. ముందే చెప్తున్నా, ఈ వీడియోలో దృశ్యం కథ మొత్తం చెప్పేస్తా, ఎండింగ్‌తో సహా. 2014లో వచ్చిన సినిమాకి ఇంకా స్పాయిలర్ అలర్ట్ ఏంటి బాసూ అంటారు, కానీ చూడనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు, తర్వాత తిట్లు నాకు పడతాయి.

మన క్రైమ్ సినిమాలకి ఒక లెక్క ఉంటది కదా. స్టార్టింగ్‌లో శవం, తర్వాత కూలింగ్ గ్లాసెస్‌తో పోలీసాఫీసర్ ఎంట్రీ, నలుగురి మీద అనుమానం, క్లైమాక్స్‌లో మనం అస్సలు పట్టించుకోని ఒకడు సడన్‌గా నవ్వి నేనే చంపా అంటాడు, ఇంక అక్కడ్నుంచి వాడి చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్. దృశ్యంలో ఇదంతా రివర్స్. ఎవరు చనిపోయారో, ఎవరి చేతిలో చనిపోయారో, ఎందుకో అన్నీ మనకి ముందే చూపించేస్తారు. హీరో రాంబాబు పెద్ద కూతురు స్నానం చేస్తుంటే వీడియో తీసి బ్లాక్‌మెయిల్ చేసినవాడిని ఆ అమ్మాయే కొడుతుంది, వాడు పోతాడు, వాడేమో పోలీస్ ఐజీ కొడుకు. ఇంక మన టెన్షన్ అంతా ఈ ఫ్యామిలీ దొరక్కూడదు దేవుడా అని. అంటే శవం దాచినోళ్ళ పక్కన మనం కూడా కూర్చుని పోలీసులు వస్తుంటే భయపడుతున్నాం అన్నమాట.

ఫస్టాఫ్ స్లో అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. కేబుల్ ఆపరేటర్ రాంబాబు రాత్రంతా ఆఫీసులో సినిమాలు చూస్తూ కూర్చోడం, పిసినారితనం, కానిస్టేబుల్ వీరభద్రంతో గొడవ, ఇవన్నీ టైంపాస్ సీన్లలాగే ఉంటాయి, కానీ సెకండాఫ్‌లో వాడిన ప్రతి తెలివీ అక్కడ్నుంచి వచ్చిందే.

నాకు పిచ్చెక్కించింది మాత్రం సాక్షుల ఎపిసోడ్. అబద్ధపు సాక్ష్యం అంటే మామూలుగా ఏంటి, డబ్బులిచ్చో బెదిరించో చెప్పిస్తారు, లాయర్ రెండు ప్రశ్నలేస్తే బయటపడిపోతారు. ఇక్కడ రాంబాబు ఎవరికీ రూపాయి ఇవ్వడు. ఫ్యామిలీని తీసుకుని నిజంగానే ఊరెళ్తాడు, బస్సెక్కుతారు, లాడ్జిలో దిగుతారు, హోటల్లో తింటారు, సినిమా చూస్తారు. కాకపోతే అది హత్య జరిగిన రోజు కాదు, ఆ తర్వాత. మళ్ళీ కొన్ని రోజులకి అదే మనుషుల దగ్గరికి వెళ్ళి, మొన్న ఫలానా తారీఖున వచ్చాం కదా అన్నట్టు మాటల్లో తేదీ కలిపేసి వచ్చేస్తాడు. అంతే. కండక్టరు, హోటలాయన, థియేటర్లో ప్రొజెక్టర్ నడిపే అతను అందరూ చాలా సిన్సియర్‌గా తప్పు తేదీ చెప్తారు, ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా అదే చెప్తారు, ఎందుకంటే వాళ్ళు అబద్ధం ఆడట్లేదుగా! ఆ ట్రిప్ మన కళ్ళముందే జరిగింది, అయినా వాళ్ళు చెప్తుంటే మనకే ఒక్క క్షణం డౌటొస్తది. దాన్ని పట్టుకునేది కూడా చనిపోయినవాడి తల్లి, ఐజీగా చేసిన నదియా గారి క్యారెక్టరే. ఐజీని తెలివితక్కువ దాన్ని చేసి హీరోని గెలిపించలేదు, అక్కడ రైటర్‌కి దండం పెట్టాలి.

ఇంకోటి, ఇది వెంకటేష్ సినిమా. మన దగ్గర స్టార్ హీరో మీద చెయ్యేస్తే నెక్స్ట్ షాట్‌లో పది మంది గాల్లో ఉండాలి. ఇందులో ఆయన దెబ్బలు తింటాడు, పెళ్ళాం పిల్లల్ని కొడుతుంటే చూస్తూ ఉండిపోతాడు. తిరిగి కొడితే ప్లాన్ మొత్తం పోతుంది కాబట్టి కొట్టడు. చిన్న పాప దెబ్బలకి తట్టుకోలేక శవం పాతిన గొయ్యి చూపించేస్తే అక్కడ తవ్వించినా దొరికేది జంతువు కళేబరం. అసలు శవం ఎక్కడుందంటే, అప్పటికి కట్టడం పూర్తికాని కొత్త పోలీస్ స్టేషన్ ఫ్లోర్ కింద. ఇది తెలిశాక మళ్ళీ మొదటి సీన్ వేసుకోండి, రాంబాబు ఎక్కడ కూర్చున్నాడో చూడండి, నవ్వొస్తది, ఒళ్ళు కూడా జలదరిస్తది.

క్రెడిట్ మాత్రం జీతూ జోసెఫ్‌దే, 2013లో మోహన్‌లాల్‌తో మలయాళంలో తీశాడు, మనకి డైరెక్ట్ చేసింది శ్రీప్రియ గారు, తర్వాత తమిళం, హిందీ, ఆఖరికి 2019లో చైనీస్‌లో కూడా తీశారు. ఆ చైనా వెర్షన్‌లో హీరో చివర్లో వెళ్ళి లొంగిపోతాడు. నాకు అస్సలు నచ్చలేదు. తప్పు చేసినోడు దొరకాలి అన్న పాత రూల్‌కే మళ్ళీ వెళ్ళిపోయారు, అదేదో మొదట్నుంచీ మామూలు పోలీస్ కథలాగే తీస్తే అయిపోయేది కదా.

ఇంక 2021లో ఓటీటీకి డైరెక్ట్‌గా వచ్చిన దృశ్యం 2 సంగతి. క్లైమాక్స్ తెలివిగానే ఉంది, కాదనట్లేదు, కానీ అందులో రాంబాబు ఏం చేశాడో దాదాపు అంతా మన దగ్గర దాచి చివర్లో ఒకేసారి విప్పారు. మొదటి పార్ట్‌లో అతని పక్కన కూర్చుని చెమటలు పట్టించుకున్నాం, రెండో పార్ట్‌లో పోలీసులతో పాటు మనల్ని కూడా బయట నిలబెట్టేశాడు. చప్పట్లు కొట్టా గానీ భయం మాత్రం వేయలేదు.