బొంగురు గొంతుకు మిరియాల కషాయమేనా?

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారు, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. కరీంనగర్ జిల్లా నుంచి. ప్రైమరీ స్కూల్ టీచర్ని, 46 ఏళ్లు. రెండు నెలలుగా గొంతు బొంగురు, సాయంత్రానికి మాటే రాదు. మిరియాల కషాయం తాగుతున్నా, ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నా.

వాయిస్ థెరపిస్ట్: ఉప్పునీళ్లు స్వరతంతువుల దాకా పోవమ్మా. అవి గాలిగొట్టం పైకొసన ఉంటాయి, అక్కడ నీళ్లు తగిలితే పొలమారుతుంది. ఆవిరి చేరుతుంది. ఉత్త నీళ్లతోనే పట్టండి, బామ్ వద్దు. పొద్దున లేవగానే నోరు పుల్లగా ఉంటుందా?

శ్రోత: ఉంటుందండి. ఏదో అడ్డుపడ్డట్టుంటే ఊరికే గొంతు సవరించుకుంటా.

థెరపిస్ట్: అయితే పులితేన్పు పైదాకా వస్తుండొచ్చు. కషాయం దానికి ఆజ్యం. రాత్రి తిన్నాక 3 గంటలకు గానీ పడుకోవద్దు. తలవైపు మంచంకోళ్ల కింద 6 అంగుళాల ఎత్తు పెట్టండి. రెండు దిండ్లు పెడితే పొట్ట ముడుచుకుని ఇంకా ఎగదన్నుతుంది. గొంతు సవరించాలనిపిస్తే గుక్కెడు నీళ్లు మింగండి. బరువు, నెలసరి ఎలా ఉన్నాయి?

శ్రోత: బరువు పెరిగా. నెలసరి తప్పుతోంది. ఒకటే నీరసం.

థెరపిస్ట్: టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే తంతువులు ఉబ్బి గొంతు మోటుబారుతుంది. మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి, ఐరన్, కాల్షియం 4 గంటల తర్వాతే. నెలసరి ఆగే వయసులోనూ శ్రుతి కొంచెం దిగుతుంది, అది జబ్బు కాదు. కానీ మీకు రెండు నెలలైంది కదా, ముందు ఈఎన్‌టీ దగ్గర కెమెరాతో చూపించుకోండి. ఆడవాళ్ల తంతువులు సెకనుకు దాదాపు 200 సార్లు తగులుకుంటాయి. అరిచి పాఠం చెబితే ఆనెల్లాంటి బుడిపెలు కడతాయి.

శ్రోత: అందాకా క్లాసులో గుసగుసగా చెప్పనా?

థెరపిస్ట్: వద్దు, గుసగుసలో చాలామంది గొంతు ఇంకా బిగిస్తారు. మామూలుగా మాట్లాడి, చిన్న మైకు పెట్టుకోండి. అరగ్లాసు నీళ్లలో స్ట్రా 2 సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అనండి. 3 నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. బుగ్గలు వదులుగా ఉండాలి. మెడనరాలు తేలుతున్నాయంటే స్ట్రా లోతుగా ముంచారన్నమాట. బుడగలొచ్చి శబ్దం రాకపోతే అది ఉత్త ఊదడమే. గొంతు మీద వేళ్లు పెడితే అదురు తెలియాలి.

శ్రోత: కషాయం పూర్తిగా మానెయ్యాలా?

థెరపిస్ట్: డాక్టరు చూసేదాకా మానండమ్మా.