చలికాలానికి ఇంటి మలాం: నూనె, తేనెమైనం, బాబూనా పూలు

[తెరపై: చిన్న స్టీలు డబ్బాలో లేత పసుపు రంగు మలాం. ఒక వేలు దాని మీద మెల్లగా రుద్దుతుంది.]

నమస్తే అండి. నవంబరు వచ్చిందంటే హైదరాబాద్‌లో గాలి పొడిబారిపోతుంది. మోచేతులు తెల్లగా పొట్టు లేస్తాయి, మడమలు పగులుతాయి, పిల్లల బుగ్గలు గరుగ్గా అవుతాయి. దానికి తోడు మంజీరా, కృష్ణా నీళ్లు సరిగా అందని కాలనీల్లో బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు నురగ రాదు, రాసిన సబ్బు పూర్తిగా వదలదు. తుడుచుకున్న పది నిమిషాలకే ఒళ్లంతా బిర్రబిగుస్తుంది.

అలాంటి చర్మానికి రాసుకునే మలాం ఇంట్లో ఎలా చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. కావలసినవి మూడే: నువ్వుల నూనె, తేనెమైనం, ఎండిన బాబూనా పూలు.

చేసే ముందు మలాం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. మన చర్మం పై పొరలో కణాల మధ్య కొవ్వు ఉంటుంది. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది అదే. వేడినీళ్లు, సబ్బు, చలిగాలి కలిసి ఆ కొవ్వును తగ్గించేస్తాయి. మలాంలో నూనె ఆ సందులను నింపుతుంది, మైనం పైన పలుచని పొరలా నిలుస్తుంది. హాయినిచ్చే పనిలో ఎక్కువ భాగం ఈ రెండిటిదే. మూలిక వాటికి సాయం. "ఇరవై మూలికలు వేశాం" అని చెప్పే మలాం కన్నా, శుభ్రంగా, పొడిగా, ఒకే మూలికతో చేసిన మలాం మీ చర్మానికి మేలు. ఒకవేళ పడకపోయినా, ఏది పడలేదో వెంటనే తెలుస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఆయుర్వేదంలో తేనెమైనం, నువ్వుల నూనె కలిపి చేసే సిక్థ తైలం ఉంది. యునానిలో మైనం, నూనె కలిపితే ఖైరూతీ. బాబూనా పూలు నానిన నూనెను రోగన్-ఎ-బాబూనా అంటారు. మనం చేసేది ఈ రెండు పద్ధతులూ కలిసే చోటే ఉంది.

[తెరపై: కాగితం పొట్లంలో ఎండిన చిన్న పూలు. మధ్యలో పసుపు బొడిపె, చుట్టూ ముడుచుకున్న తెల్ల రేకులు.]

బాబూనా అంటే చామొమైల్. చార్మినార్ పక్కనే ఉన్న యునాని దవాఖానా చుట్టుపక్కల మందుల దుకాణాల్లో, బేగం బజార్ మూలికల కొట్లలో "గుల్-ఎ-బాబూనా" అని అడగండి. పొట్లం విప్పి వాసన చూడండి. కాస్త ఆపిల్ పండులా, కాస్త ఎండుగడ్డిలా తియ్యని వాసన రావాలి. మట్టివాసన వస్తున్నా, పూలు మెత్తగా చేతికి అంటుకుంటున్నా తీసుకోకండి. తేమ తగిలిన సరుకు అది. ఈ పూలలో బిసబొలాల్ అనే పదార్థం ఉంటుంది. ఎర్రబడిన చర్మాన్ని శాంతపరిచే గుణం దానిదే. అది నూనెలోకి చక్కగా దిగుతుంది, అందుకే నీళ్లలో మరిగించడం కన్నా నూనెలో నానబెట్టడం మంచిది.

ఇక్కడ ఒక జాగ్రత్త. విదేశీ వీడియోల్లో మారిగోల్డ్ మలాం చూసి చాలామంది గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి బంతిపూలు తెచ్చుకుంటారు. వాళ్లు చెప్పేది కాలెండులా గురించి. మన తోరణాల బంతి వేరే మొక్క. దాని రసం పడి ఎండ తగిలితే కొందరికి చర్మం మంట పుడుతుంది. దండలకి వాడుకోండి, మలాంలో వద్దు.

ఇంకో జాగ్రత్త దీనికన్నా ముఖ్యం. బాబూనా, చామంతి, వయ్యారిభామ, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. మన ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన తెల్లగా పూసే ఆ వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, తగిలితే మీకు దురద, దద్దుర్లు వస్తాయా? అయితే బాబూనా కూడా పడకపోవచ్చు. అలాంటివాళ్లు పూలు మానేసి ఉత్త నూనె, మైనంతోనే చేసుకోండి. దానివల్ల పోయేదేమీ లేదు.

నూనె సంగతికొస్తే, నేను గానుగ నువ్వుల నూనె వైపే. అందులో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాల వల్ల త్వరగా పాడవదు. కొబ్బరి నూనె కూడా మంచిదే. కాకపోతే అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఆపైన కరుగుతుంది. డిసెంబరులో సీసాలోంచి బయటికి రాని నూనె మేలో నీళ్లలా కారిపోవడం మనందరం చూసిందే. అందుకే అదొక్కటే వేస్తే మలాం ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. ఆలివ్ నూనె మాత్రం పొడి చర్మానికి నేను చెప్పను. అందులో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం అసలే బలహీనంగా ఉన్న చర్మపు పొరను ఇంకా వదులు చేస్తుంది.

[తెరపై: పసుపు పచ్చని మైనం దిమ్మ. చాకుతో సన్నగా చెక్కుతుంటే పొరలు పొరలుగా రాలుతుంది.]

తేనెమైనం పసుపు రంగుదే కొనండి. ముక్క తుంచి వేళ్ల మధ్య కాసేపు నలపండి. అసలైనదైతే ఒంటి వేడికి మెత్తబడి ముద్దలా సాగుతుంది, తేనె వాసన వస్తుంది. కొవ్వొత్తి మైనం కలిపినదైతే జారుడుగా, మసక గాజులా కనిపిస్తుంది, వాసన ఉండదు.

ఇప్పుడు తయారీ.

150 గ్రాముల నూనె, 15 గ్రాముల ఎండు పూలు. పూలను చేత్తో కాస్త నలిపి గాజు సీసాలో వేసి, మునిగేలా నూనె పోయండి. సీసా, గరిటె, చెయ్యి, అన్నీ ఎండలో ఆరినంత పొడిగా ఉండాలి. మన అమ్మమ్మలు ఆవకాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వరు కదా, ఇక్కడా అదే పట్టుదల కావాలి. మలాంలో నీళ్లు లేనంత కాలం బూజు పెరగడానికి దారి ఉండదు. ఒక్క చుక్క చేరినా దారి దొరికినట్టే. పచ్చి వేపాకు, పచ్చి తులసి వేయొద్దనేది అందుకే. ఆకులో సగానికి పైగా నీళ్లే. వేయాలనుకుంటే నీడలో పెళపెళలాడేలా ఎండబెట్టి వేయండి.

కలబంద గుజ్జు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బాల్కనీ కుండీలో ఉంది కదా అని చాలామందికి వేయాలనిపిస్తుంది. ఆ గుజ్జు దాదాపు మొత్తం నీళ్లే. నూనెతో కలవదు, కింద చుక్కలుగా విడిపోతుంది, కొద్ది రోజుల్లో బూజు పడుతుంది. కలబందను అప్పటికప్పుడు కోసి విడిగా రాసుకోవడమే మంచిది.

[తెరపై: గిన్నెలో నీళ్లు, అడుగున మడిచిన గుడ్డ, దాని మీద సీసా. సన్నని మంట.]

గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసా పెట్టి, సీసాలో సగం ఎత్తు దాకా నీళ్లు పోయండి. సీసాకి మూత బిగించకండి, పలుచని పొడి గుడ్డ కట్టండి. పూలలో మిగిలిన కాస్త తేమ బయటికి పోవాలి. మంట సన్నగా ఉండాలి. నీళ్లు తెర్లకూడదు, వేడెక్కి ఆవిరి మొదలయ్యే దగ్గరే ఆగాలి. అలా రెండు మూడు గంటలు. మధ్యమధ్యలో నీళ్లు తగ్గితే పోస్తుండండి. నూనె కాస్త ముదురు బంగారు రంగుకొచ్చి, పూల వాసన పట్టుకుంటుంది.

కొంతమంది డాబా మీద ఎండలో వారాలు పెడతారు. నేరుగా ఎండ తగిలితే నూనె త్వరగా పాతబడుతుంది. పొయ్యి పద్ధతే నాకు నచ్చుతుంది.

గోరువెచ్చగా అయ్యాక పలుచని గుడ్డలో వడకట్టండి. చివర్లో గట్టిగా పిండకండి, మడ్డి దిగుతుంది. పూలు కొంత నూనె పీల్చుకుంటాయి, అందుకే మొదట ఎక్కువ తీసుకున్నాం. వడకట్టాక అందులోంచి సరిగ్గా 100 గ్రాములు తూచి పెట్టుకోండి.

ఆ 100 గ్రాముల నూనెకి మైనం ఎంత? చలికాలంలో 20 గ్రాములు చాలు. ఏప్రిల్, మే నెలల్లో చేస్తుంటే 25. మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలిదేశాల కొలతలతో చేస్తే హ్యాండ్‌బ్యాగులో డబ్బా మొత్తం నూనె అయిపోతుంది.

నూనె, చెక్కిన మైనం మళ్లీ అదే నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది, కాబట్టి వేడినీళ్లే సరిపోతాయి. గిన్నెను నేరుగా గ్యాస్ మంట మీద ఎప్పుడూ పెట్టకండి. నూనె, మైనం మితిమీరి వేడెక్కితే అంటుకుంటాయి. పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లొద్దు. గ్యాస్ ఆపి, మూత పెట్టేయండి.

పూర్తిగా కరిగాక ఒక పని చేయండి.

[తెరపై: స్టీలు చెంచా మీద కొన్ని చుక్కలు. ఫ్రీజర్ తలుపు మూసుకుంటుంది. రెండు నిమిషాల తర్వాత చెంచా మీద మలాం మసకబారి గట్టిపడి ఉంటుంది. వేలితో నొక్కితే దిగబడుతుంది.]

చెంచాతో కొంచెం తీసి రెండు నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. తీసి గది వేడికి రానిచ్చి వేలితో నొక్కండి. వేలు గుచ్చుకోకుండా గట్టిగా ఉంటే ఇంకో చెంచా నూనె. జారిపోతుంటే చిటికెడు మైనం. డబ్బాలో పోశాక సరిచేయాలంటే మొత్తం మళ్లీ కరిగించాలి, అందుకే ఈ రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

దించాక, కావాలంటే ఒక విటమిన్-ఇ క్యాప్సూల్ సూదితో గుచ్చి పిండండి. అది నూనె పాతబడటాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, బూజును మాత్రం ఆపదు. వాసన కోసం కర్పూరం వేయొద్దు. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అసలే వద్దు. అది నోట్లోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు. నిమ్మ నూనె కూడా వద్దు, ఎండలో చర్మం కందిపోతుంది. డబ్బాల్లో పోసి, కదపకుండా చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, లేకపోతే మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా లోపల పడుతుంది.

మొదటిసారి మోచేతి మడత దగ్గర బఠాణీ గింజంత రాసి రెండు రోజులు చూడండి. నువ్వులు పడనివాళ్లు నూనె మార్చుకోవాలి.

రాసుకునే పద్ధతి కూడా ఉంది. స్నానం అయ్యాక ఒళ్లు గట్టిగా తుడవకుండా అద్దినట్టు తుడుచుకుని, చర్మం మీద కాస్త తడి ఉండగానే రాయండి. మలాం తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమను పట్టి ఉంచుతుంది. మరి తడి చేత్తో డబ్బా ముట్టుకోకూడదు కదా? స్నానానికి వెళ్లే ముందే పొడి చెంచాతో కావలసినంత చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోండి.

దేనికి వాడకూడదో కూడా చెప్పాలి. కాలిన చోట రాయకండి. వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టడమే మందు. తెరుచుకున్న గాయాలు, చీము, గుండ్రంగా పాకే తామర ఉన్నా మలాంతో కాలయాపన చేయకుండా చర్మం డాక్టరుకి చూపించండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చిన దురద క్రీము ఇందులో కలిపి రాస్తున్నవాళ్లు ఉంటే, దయచేసి ఆపేయండి. అలాంటి వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్ని రోజులు తగ్గినట్టు అనిపించి తామర లోలోపల విస్తరిస్తుంది, చర్మం పలచబడుతుంది. ఇది మన దగ్గర ఇంటింటా జరుగుతున్న నష్టం, అందుకే గట్టిగా చెప్తున్నాను. నెలల పసిపిల్లలకి రాయాలంటే ముందు పిల్లల డాక్టరుని అడగండి.

డబ్బా మీద తేదీ రాసి, ఎండ తగలని అలమరలో పెట్టండి. ఆరు నెలల్లో వాడేయండి. పాతబడ్డ నూనె వాసన వచ్చినా, పైన చుక్కలు కనిపించినా పారేయండి.

చివరగా ఆ గిన్నె సంగతి. మైనం అంటిన గిన్నెను సింకులో కడగకండి, పైపులో గడ్డకట్టి కూర్చుంటుంది. వేడిగా ఉండగానే పాత పేపరుతో తుడిచి చెత్తలో వేసి, ఆ తర్వాత మరిగే నీళ్లు, గిన్నెల సబ్బుతో తోమండి. ఒక పాత గిన్నెను దీనికే కేటాయిస్తే ఇంకా హాయి.