యాక్సిడెంట్ క్లెయిమ్ ఎప్పట్లోగా వెయ్యాలి? ఆర్నెల్లా, రెండేళ్ళా, మూడేళ్ళా?

నమస్తే అండి, బాగున్నారా. ఈ రోజు ఉపోద్ఘాతాలేం లేవు, సూటిగా విషయంలోకి వెళ్ళిపోదాం.

యాక్సిడెంట్ అయింది, స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాశారు, లారీ సీజ్ చేశారు, ఇంక కేసు నడుస్తోంది కదా డబ్బులు అవే వస్తాయిలే అని కూర్చునేవాళ్ళు బెజవాడలో, గుంటూర్లో బోలెడుమంది ఉన్నారు. ఎఫ్ఐఆర్ మీద నడిచేది క్రిమినల్ కేసండి, డ్రైవర్‌కి శిక్ష పడాలా వద్దా అన్నదొక్కటే అక్కడ తేలుతుంది. మీ కాల్లో రాడ్డు వేసిన ఖర్చు, పనికి పోలేక పోగొట్టుకున్న జీతం, ఇవన్నీ రాబట్టాలంటే విడిగా మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో పిటిషన్ వెయ్యాలి, మా కోర్టుల్లో దాన్ని ఎం.వి.ఓ.పి. అంటాం. దానికో గడువుంది, అదే ఈ వీడియో.

రోడ్డు యాక్సిడెంట్ అయితే ఆరు నెలలు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 166, సబ్ సెక్షన్ 3. దీని కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే సీనియర్ లాయర్లని అడిగితే కూడా ఒక్కోసారి "టైమ్ లిమిట్ ఏం లేదయ్యా, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, పాత లెక్క చెప్తున్నారు. 1988 చట్టం వచ్చినప్పుడు ఆర్నెల్ల గడువుండేది, కారణం చూపిస్తే ఇంకో ఆర్నెల్లు, మొత్తం ఏడాది దాకా తీసుకునేవాళ్ళు. 1994లో సవరణ చేసి ఆ గడువు మొత్తం తీసేశారు, దాంతో పాతికేళ్ళకి పైగా ఎవరికి కుదిరినప్పుడు వాళ్ళు వేసుకున్నారు. మళ్ళీ 2019 సవరణలో ఆర్నెల్లు తెచ్చి పెట్టారు, అది అమల్లోకి వచ్చింది 2022 ఏప్రిల్ 1 నుంచి. ఈసారి తేడా ఏంటంటే లేటైతే క్షమించొచ్చు అన్న మాట చట్టంలో ఎక్కడా రాయలేదు. దెబ్బ తగిలి మంచంలో ఉన్నవాడి మీద ఇంత కఠినమైన రూల్ ఎందుకో, నాకైతే న్యాయంగా అనిపించలేదు.

అలా అనిపించింది నాకొక్కడికే కాదులెండి. ఈ రూల్ చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి, 2025 నవంబర్లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, తుది తీర్పు వచ్చేదాకా టైమ్ బార్, అంటే గడువు దాటింది అన్న ఒక్క కారణంతో క్లెయిములు కొట్టెయ్యొద్దని ట్రిబ్యునళ్ళకి, హైకోర్టులకి చెప్పింది. ఇది విని హమ్మయ్య అనుకోకండి. మధ్యంతర ఉత్తర్వంటే మధ్యలో ఇచ్చింది, రేపు తుది తీర్పు ఎటు పోతుందో ఎవరు చూశారు. ఇప్పటికే ఆర్నెల్లు దాటిపోయినవాళ్ళు ఆ ఉత్తర్వు పట్టుకుని వెంటనే వెళ్ళండి, దాటనివాళ్ళు మాత్రం అసలా ఉత్తర్వు లేదనుకునే పని చెయ్యండి.

ఇప్పుడు క్యాలెండర్ చూద్దాం, ఇదిగో గోడ మీదది తీసి టేబుల్ మీద పెట్టాను. జనవరి 14న కాజ టోల్‌గేట్ దగ్గర బైక్‌ని కారు గుద్దింది అనుకోండి. ఆర్నెల్లంటే జూలై 14. నూట ఎనభై రోజులు అని వేళ్ళ మీద లెక్కెయ్యకండి, చట్టంలో నెలంటే క్యాలెండర్ నెలే. ఆఖరి రోజు ఆదివారం పడితే, కోర్టు తెరిచిన రోజున వెయ్యొచ్చు. లెక్క మొదలయ్యేది యాక్సిడెంట్ అయిన తారీఖు నుంచి, డిశ్చార్జ్ అయిన రోజు నుంచి కాదు, ఛార్జిషీట్ వేసిన రోజు నుంచి అసలు కాదు. ఛార్జిషీట్ వచ్చాక వేద్దాంలే అని ఆగేవాళ్ళు చాలామంది, ఆగక్కర్లేదండి, ఎఫ్ఐఆర్ కాపీతో వేసేసి మిగతా కాగితాలు తర్వాత ఫైల్ చేసుకోవచ్చు.

అసలు లేటయ్యేది ఎక్కడో తెలుసా, రాజీ దగ్గర. లారీ ఓనరో, అతని తరఫు పెద్దమనిషో ఆస్పత్రికొస్తాడు, యాపిల్ పళ్ళు తెస్తాడు, చేతిలో ఇరవై వేలు పెడతాడు, "బాబాయ్ గారూ, కోర్టులెందుకండీ, పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం, మా బండికి ఇన్సూరెన్సుంది, మేమే చూసుకుంటాం" అంటాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే వచ్చే సోమవారం అంటాడు, ఆ సోమవారానికి పెళ్ళి ఉందంటాడు, ఇలా నాలుగైదు నెలలు కరిగిపోతాయి. మాటలు నడుస్తున్నంతసేపు గడువు ఆగుతుంది అనుకుంటారు మనోళ్ళు. ఆగదు. రాజీ కావాలంటే కేసు వేశాక కూడా చేసుకోవచ్చు, లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీతో కూర్చుని తేల్చుకునే కేసులు ఎన్నో, పైగా అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం.

ఇంకోటి, యాక్సిడెంట్ సూర్యాపేట దగ్గరైంది, మేం ఉండేది విజయవాడ కృష్ణలంకలో, తెలంగాణ కోర్టుల చుట్టూ తిరగలేం అని వదిలేస్తారు కొంతమంది. తిరగక్కర్లేదు. యాక్సిడెంట్ అయిన చోటైనా, మీరుండే చోటైనా, అవతలివాళ్ళుండే చోటైనా వెయ్యొచ్చు, విజయవాడలో వేసుకోండి. అలాగే పోలీసులు 48 గంటల్లో ఫస్ట్ యాక్సిడెంట్ రిపోర్ట్, 90 రోజుల్లో డీటైల్డ్ రిపోర్ట్ ట్రిబ్యునల్‌కి పంపాలని 2022 రూల్స్‌లో ఉంది, ఆ రిపోర్టునే క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ పంపారో లేదో మీరే వెళ్ళి కనుక్కోవాలి, దాని మీద భరోసా పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఎలాగండి.

సరే, బండి లేని కేసుల సంగతి. మిర్చి యార్డులో బస్తా మీద పడింది, ఆటోనగర్ షెడ్లో మెషిన్లో చెయ్యి పడింది, ఇవి 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ కిందకొచ్చేవి, 2025 నవంబర్ నుంచి దాని స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది. గడువు రెండేళ్ళు, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో దీనికని పెట్టిన అధికారి దగ్గర వెయ్యాలి, సరైన కారణముంటే లేటైనా తీసుకుంటారు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి దారి వేరు, వాళ్ళు ఈఎస్ఐలోనే అడగాలి. రైల్లోంచి జారిపడితే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, ఒక్క ఏడాదే, దీంట్లోనూ కారణం చూపిస్తే వింటారు.

ఆస్పత్రి నిర్లక్ష్యం అయితే కన్జ్యూమర్ కమిషన్, రెండేళ్ళు, 2019 చట్టం సెక్షన్ 69. ఇక్కడే చిక్కంతా, ఎందుకంటే రెండేళ్ళు ఎప్పట్నుంచి లెక్కెయ్యాలి? కడుపులో ఆపరేషన్‌కి వాడే గాజ్ గుడ్డ వదిలేశారని పదేళ్ళకి తెలిస్తే? తెలిసిన రోజు నుంచి అని వాదించొచ్చు, కోర్టులు ఒప్పుకున్న సందర్భాలున్నాయి, అయితే సుప్రీంకోర్టు 2010లో తేల్చిన కేసొకటి వినండి. 1993లో ఒకావిడకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది, ఆవిడ స్వయంగా నర్సు, తొమ్మిదేళ్ళు నొప్పితో బాధపడింది, 2002లో రెండో ఆపరేషన్‌లో ఆ గుడ్డ బయటపడింది, 2004లో కేసేసింది. కోర్టు కొట్టేసింది, ఇన్నేళ్ళు నొప్పుంటే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికైనా వెళ్ళి ఎందుకు చూపించుకోలేదు, అప్పుడే తెలిసేది కదా అని. అందుకని నొప్పి తగ్గకపోతే మందుల షాపులో బిళ్ళలతో సరిపెట్టుకోకండి, మళ్ళీ వెళ్ళండి, ఆ ఓపీ చీటీ తారీఖుతో సహా దాచుకోండి, రేపు మీ తరఫున మాట్లాడేది ఆ చీటీయే.

ఇవేవీ కాకుండా, పక్కింటి కట్టుబడి మీంచి ఇటుక పడింది లాంటివైతే మామూలు సివిల్ కోర్టు. దెబ్బలకి మూడేళ్ళు, మనిషి చనిపోతే కుటుంబం వెయ్యాల్సింది చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళలో. సివిల్ సూట్‌కి డిలే కండోన్ పిటిషన్, అంటే లేటుని క్షమించమని అడిగే వీలు ఉండదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అవతలివాళ్ళు టైమ్ అయిపోయిందని అనకపోయినా సరే జడ్జి గారే కొట్టెయ్యాలి, లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 3 అదే చెప్తుంది. దెబ్బ తగిలింది చిన్నపిల్లలకైతే పద్దెనిమిదేళ్ళు నిండిన దగ్గర్నుంచి మూడేళ్ళు దొరుకుతాయి గానీ అన్నాళ్ళు ఆగితే సాక్షులెవరు మిగుల్తారు చెప్పండి. గవర్నమెంటు మీదైతే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ రెండు నెలలు గడువులోంచి మినహాయిస్తారు.

బండి కేసుకి కాగితాలు ఏం కావాలంటే ఎఫ్ఐఆర్ కాపీ, దెబ్బల గురించి డాక్టర్ రాసిచ్చే ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు ఒరిజినల్స్, అవతలి బండి ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ వివరాలు, మీ ఆదాయం చూపించే కాగితం ఏదైనా. ఈ బిల్లులు చూడండి, అక్షరాలు వెలిసిపోయాయి, థర్మల్ పేపర్ కదా, ఏడాదికే తెల్లకాగితం అయిపోతుంది, అందుకే తెచ్చిన రోజే జిరాక్స్ తీయించండి.

ఫీజు సంగతి చాలామంది అడుగుతున్నారు. వచ్చినదాంట్లో ఇంత పర్సంటేజీ అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పు, బయట నడుస్తున్న సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌నిస్తారు. వెళ్ళేటప్పుడు ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకెళ్ళండి, యాక్సిడెంట్ అయిన తారీఖు నోటితో చెప్పకుండా ఎఫ్ఐఆర్ చూపించే చెప్పండి.