నాలుగు ఓట్ల దూరం: విలియం విల్బర్‌ఫోర్స్

అక్క: నమస్కారం. ఈరోజు మన కబుర్లన్నీ విలియం విల్బర్‌ఫోర్స్ గురించే. 1759లో ఇంగ్లండ్‌లోని హల్ రేవుపట్టణంలో, వర్తకుల ఇంట పుట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లకే పార్లమెంటు సభ్యుడయ్యాడు. ప్రధాని విలియం పిట్‌కు ప్రాణస్నేహితుడు. ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో తరలించి అమ్మే బానిస వ్యాపారం రద్దు కోసం 1787లో నడుం కట్టాడు. చట్టం వచ్చేసరికి 1807.

తమ్ముడు: ప్రధానే స్నేహితుడైనా అన్నేళ్లు ఎందుకు పట్టింది అక్కా?

అక్క: పిట్ సభలో గట్టిగానే మాట్లాడాడు. కానీ మంత్రుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కరీబియన్ దీవుల్లో బానిసలతో సాగే చెరకు తోటల యజమానులు, లివర్‌పూల్ ఓడల వర్తకుల మనుషులు సభలోనే ఉన్నారు. 1791లో బిల్లుకు 88 ఓట్లు, వ్యతిరేకంగా 163. మరుసటి ఏడు మంత్రి హెన్రీ డండాస్ రద్దు తీర్మానంలో "క్రమంగా" అనే మాట చేర్పించి, వెంటనే రద్దు కాకుండా చేశాడు. ఆ ఒక్క మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

తమ్ముడు: బానిసల్ని ఓడలో ఎలా కుక్కేవారో చూపే ఆ బ్రూక్స్ ఓడ పటం ఆ రోజులదేనా?

అక్క: అవును. ఓడలో ఒక్కో మగమనిషికి ఆరడుగుల పొడవు, అడుగూ నాలుగంగుళాల వెడల్పు. అంతే చోటు. నువ్వు నేల మీద సుద్దముక్కతో గీసి అందులో పడుకుని చూడు, భుజాలు పట్టవు. సంకెళ్లతో వారాల తరబడి అట్లాగే. ఆ ఓడకు చెక్క నమూనా కూడా చేయించి సభ్యులకు చూపించారు.

తమ్ముడు: అది చూశాక కూడా ఓడించారా?

అక్క: ఓడించారు. 1796లో మరీ దారుణం. 74 ఓట్లకు 70. ఆ రాత్రి ఒపేరాకు వెళ్లిన మనవాళ్లు సభకు వచ్చి ఉంటే గెలిచేవాళ్లమని విల్బర్‌ఫోర్స్ డైరీలో రాసుకున్నాడు. నాలుగంటే నాలుగే ఓట్లు! ఆ తర్వాత పదకొండేళ్ల పాటు ఓడలు తిరుగుతూనే ఉన్నాయి.

తమ్ముడు: మరి 1807లో?

అక్క: 283కు 16. సభంతా అతన్ని కొనియాడుతుంటే, కూర్చున్న చోటే కన్నీళ్లు పెట్టుకున్నాడు. అయితే ఘనత అంతా ఒక్కడికే కట్టబెట్టడం నాకు నచ్చదు. రేవుల వెంట తిరిగి నావికుల సాక్ష్యాలు పోగుచేసింది థామస్ క్లార్క్‌సన్. బానిసగా బతికి, తన కథ తానే రాసి ఊరూరా వినిపించినవాడు ఒలౌడా ఎక్వియానో.

తమ్ముడు: 1807తో బానిసత్వమే పోయిందా?

అక్క: లేదురా, వ్యాపారం మాత్రమే. తోటల్లో ఉన్నవాళ్లు బానిసలుగానే మిగిలారు. విముక్తి బిల్లు గట్టెక్కుతుందన్న కబురు 1833 జూలైలో విల్బర్‌ఫోర్స్ చెవిన పడింది. మూడు రోజులకే కన్నుమూశాడు.

తమ్ముడు: ఆ చట్టంలో పరిహారం కూడా ఉందంటారు కదా?

అక్క: ఉంది, రెండు కోట్ల పౌండ్లు. అదంతా యజమానులకే. బానిసలకు ఒక్క పెన్నీ దక్కలేదు. పైగా "అప్రెంటిస్‌లు", అంటే పని నేర్చుకునేవాళ్లు, అని పేరు మార్చి, 1838 దాకా వాళ్లచేత అవే తోటల్లో వారానికి నలభై గంటలకు పైగా కూలి లేకుండా పని చేయించారు.