సోమవారం బంగళా గేటు

(కావలిలో కతోలిక విచారణ సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. విచారణ అంటే ఒక ఫాదర్‌గారి కింద ఉండే గుళ్లు, ఊళ్లు)

పూజ్య గురువులకు, సిస్టర్లకు, ఉపదేశులకు, విచారణ సంఘాల పెద్దలకు, మరియదళం అక్కచెల్లెళ్లకు స్తోత్రం.

ఆగస్టు 4 దగ్గరకొస్తోంది. విచారణ గురువులకు, అంటే మన ఫాదర్లకు, పాలక పునీతుడు జాన్ మరియ వియాన్నీ గారి పండుగ. ఆ రోజు మనం ఏం చేస్తామో మీకు తెలుసు. ఫాదర్‌గారికి దండ వేస్తాం, శాలువా కప్పుతాం, కేకు కోయిస్తాం, పిల్లల చేత డాన్సులు చేయిస్తాం. వక్తలు ఒక్కొక్కరూ రెండు నిమిషాలంటూ మైకు పట్టుకుని ఇరవై నిమిషాలు వదలరు. అంతా అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. తెల్లారి ఫాదర్‌గారు మళ్లీ పూజకు నిలబడాలి. ఈసారి శాలువా మానేసినా ఫరవాలేదు, ఆయనకు వారంలో ఒక రోజు ఇద్దాం. ఈ మాట చెప్పడానికే వచ్చాను.

నేను వేదాంతం చదివినవాణ్ణి కాను. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగి, రైలింజను నడిపి రిటైరైనవాణ్ణి. అందుకే ముందు నాకు తెలిసిన రూలు చెబుతాను. రైల్లో రన్నింగ్ స్టాఫ్‌కి నెలకు కనీసం నాలుగు సార్లు వరసగా 30 గంటలు, లేదంటే అయిదు సార్లు వరసగా 22 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అందులో ఒక నిండు రాత్రి మంచం మీద పడుకునేలా ఉండాలని కూడా రూల్లోనే రాసిపెట్టారు. పగలు పడుకున్నావుగా, చాల్లే అంటే కుదరదు. బండ్లు ఆగిపోతున్నాయని కంట్రోలర్లు మమ్మల్ని బతిమాలిన రోజులూ లేకపోలేదు, ఆ కథ వేరే. కానీ ఆ రూలు డ్రైవరు మీద జాలితో పెట్టింది కాదు. నిద్రలేని డ్రైవరు ఎర్ర సిగ్నల్ చూడకుండా దాటిపోతే వెనక బోగీల్లో ఉన్న వందల మంది గతేమిటని పెట్టింది. అంటే ఆ సెలవు మాది కాదు, ప్రయాణికులది. ఫాదర్‌గారి సెలవునూ నేను ఆ లెక్కలోనే చూస్తాను. నిద్రలేని మనిషి దగ్గర మన పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోవడం మనకే నష్టం.

ఇక శ్రీసభ, అంటే మన కతోలిక సభ, చట్టం సంగతి. 1983లో రెండో జాన్ పాల్ పోపుగారు ప్రకటించిన కానన్ చట్టంలో 283వ కానన్, అంటే 283వ నిబంధన, చూడండి. గురువులకు ఏటా తగినన్ని రోజుల సెలవు హక్కు అని ఉంది. హక్కు అన్నారు, గమనించండి. 533వ కానన్ ప్రకారం విచారణ గురువు ఏడాదికి నెల రోజులకు మించకుండా సెలవు తీసుకోవచ్చు. ఒకేసారి తీసుకోవచ్చు, విడివిడిగానూ తీసుకోవచ్చు. వారం దాటి ఊళ్లో లేకపోతే పైవారికి చెప్పి వెళ్లాలి. సహాయ గురువుకూ ఇదే హక్కు. బిషప్‌గారికి కూడా నెల రోజుల లెక్క ఉంది.

ఆ 533లోనే ఇంకో ముక్క ఉంది. ఏడాదికోసారి మౌనంగా ప్రార్థనలో గడిపే వడకం రోజులు ఈ సెలవు కిందికి రావు. ఇది మన కోసమే రాశారా అనిపిస్తుంది నాకు. ఎందుకంటే, "ఫాదర్‌గారు మొన్ననే వడకానికి పొయ్యొచ్చారు గదా, మళ్లీ సెలవేంది?" అని అడిగేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

అంతకు ముందే, 1965లో, రెండో వాటికన్ మహాసభ గురువుల గురించి ఇచ్చిన డిక్రీలో ఇంకా సూటిగా చెప్పింది. గురువుకిచ్చే భృతి ఏటా సరైన సెలవు తీసుకోగలిగేంత ఉండాలి, ఆ సెలవు వాళ్లకు దొరికేలా బిషప్పులు చూడాలి అని. సెలవంటే ఖర్చు కూడా ఉంటుందని ఆ మహాసభ పితరులకు తెలుసు. మనకే గుర్తుండదు. చేతిలో బస్సు చార్జీలు తప్ప ఏమీ లేని కుర్ర గురువు సెలవుకు ఎక్కడికి వెళతాడు?

వారానికి ఒక రోజు అన్న మాట మాత్రం ఈ చట్టంలో లేదు. దాన్ని అక్కడి మేత్రాసనానికీ (అంటే బిషప్‌గారి పరిధికీ), ఆనవాయితీకీ వదిలేశారు. చాలా దేశాల్లో సోమవారం తీసుకుంటారు. కారణం సులువే. మనం పని మానుకుని గుడికి రావాలని శ్రీసభ చెప్పే ఆదివారమే ఆయనకు అన్నిటికన్నా బరువైన రోజు. మామూలు రోజుల్లో గురువు ఒకే పూజ చేయాలి. గురువులు చాలని చోట బిషప్‌గారి అనుమతితో ఆదివారాల్లో, పెద్ద పండుగల్లో మూడు దాకా చేయవచ్చు. కనిగిరి, పొదిలి వైపు పల్లెలు దూరదూరంగా ఉంటాయి. విచారణ గుడిలో పూజ ముగించి, బైకు మీద ఒక సబ్‌స్టేషన్‌కు, అంటే పల్లెలోని చిన్న గుడికి, అక్కణ్ణించి ఇంకో దానికి. మధ్యలో ఒక ఇంట్లో టీ, ఒక ఇంట్లో గొడవ. మే నెల ఎండలో ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

మరి సోమవారం ఏం జరుగుతుంది? ఒక ఫాదర్‌గారి బంగళాలో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఏ ఊరని అడగొద్దు. మధ్యాహ్నం రెండున్నర. ఫాదర్‌గారు అన్నం తిని తలుపు దగ్గరికి వేసుకున్నారు. గేటు గడియ చప్పుడు. "ఫాదర్‌గారు ఉండారా అమ్మా?" వంటమ్మ ఏం చెబుతుంది పాపం? లేరంటే అబద్ధం, పడుకున్నారంటే రేపటికి ఊరంతా చెప్పుకుంటారు. వచ్చినాయన కొడుకు జ్ఞానస్నానం సర్టిఫికెట్ కోసం వచ్చాడు. అడ్మిషన్ ఎప్పుడయ్యా అంటే వచ్చే నెల. ఆయన వెళ్లిన కాసేపటికి కొత్త బైకుతో ఒక కుర్రాడు, ఆశీర్వాదానికి. బైకు హ్యాండిల్‌కి షోరూమ్ వాళ్లు కట్టిన రిబ్బను కూడా అట్లానే ఉంది, అంత తాజాగా తెచ్చాడు. ఫాదర్‌గారు లుంగీ మీద చొక్కా వేసుకుని తీర్థజలం సీసాతో బయటికొచ్చారు. ఇంతలో అన్నదమ్ములిద్దరు గట్టు తగాదాతో దిగారు. వాళ్లకు పంచాయతీ చేసేసరికి సాయంత్రం జపమాల వేళైంది. వీళ్లలో ఒక్కరికి కూడా మంగళవారం దాకా ఆగలేని పని లేదు. ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కారు. అదీ ఇబ్బంది.

మన జిల్లాల్లో బాప్టిస్టు సంఘాలు బలంగా ఉన్నాయి. 1878లో ఒంగోలు దగ్గర అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం జరిగిన నేల ఇది. మీ చుట్టాల్లో పాస్టర్లు ఉండే ఉంటారు. మధ్యాహ్నం పూట పాస్టరుగారింటికి వెళ్లి చూడండి. పాస్టరమ్మగారు గుమ్మంలో నిలబడి, "అయ్యగారికి ఒంట్లో బాగాలేదు, సాయంత్రం రాండి నాయనా" అంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఫాదర్‌గారికి ఆ మాట చెప్పే మనిషి ఇంట్లో లేదు. బ్రహ్మచర్యం ఆయన ఎంచుకున్నదే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ గుమ్మంలో నిలబడాల్సిన బాధ్యత మాత్రం విచారణ సంఘానిది.

ఏడాది సెలవు కథ ఇంకో రకం. 1928లో మద్రాసు నుంచి విడదీసి నెల్లూరు మేత్రాసనం ఏర్పాటైనప్పుడు ఇక్కడ పని చేసినవాళ్లు మిల్‌హిల్ అనే మిషనరీ సభ ఫాదర్లు. మొదటి బిషప్ విలియం బౌటర్ గారూ ఆ సభవారే. వాళ్ల సొంతూళ్లు సముద్రాలకు అవతల. ఇప్పటి ఫాదర్లు మన పిల్లలు, బస్సెక్కితే ఊరొస్తుంది. వచ్చి ఏం లాభం? ఇంటికెళ్లిన మొదటి పూటే మేనమామ కూతురి నిశ్చితార్థం, పక్కింటి గృహ ఆశీర్వాదం, చచ్చిపోయిన తాతగారి పేరు మీద పూజ. తమ్ముడి అప్పు సంగతి కూడా ఈయనే తేల్చాలి. అమ్మానాన్నలు పోయాక అదీ ఉండదు, అన్నావదినల ఇంట్లో బట్టల సంచీ ఏ గదిలో పెట్టాలో తెలియదు.

పోనీ ఎక్కడికన్నా వెళ్లి కూర్చుంటారా? మైపాడు బీచిలో ఒక ఫాదర్‌గారు టీషర్టేసుకుని వేరుశెనక్కాయలు తింటూ కనపడ్డారని ఒక విచారణలో వారం రోజులు మాట్లాడుకున్నారు. అయ్యా, సముద్రం చూసేది ఎట్లా మరి, లోబు (ఫాదర్ల పొడవాటి అంగీ) వేసుకునా? పోపులు సైతం ఎండాకాలం రోముకు దూరంగా కాస్తెల్ గండోల్ఫోలో గడిపేవారు. ఫ్రాన్సిస్ పోపుగారు ఆ అలవాటు మానుకున్నారు. 2025 జులైలో లియో పోపుగారు మళ్లీ అక్కడికి వెళ్లారు. రోములో ఎవరూ కంగారు పడలేదు.

ఇప్పుడు ముందు వరసలో కూర్చున్న ఫాదర్లకు ఒక మాట, పెద్దమనసుతో వినండి. మీలో కొందరు సెలవు ఇచ్చినా తీసుకోరు. వియాన్నీ గారిని చూపిస్తారు. నిజమే, ఆర్స్ గ్రామంలో ఆయన రోజుకు పదహారు గంటల దాకా పాపసంకీర్తనాలు విన్న రోజులున్నాయి. కానీ ఆ మహానుభావుడే ఏకాంతం కోసం ఊరు విడిచి వెళ్లిపోవాలని ఒకసారి కాదు, పలుమార్లు ప్రయత్నించాడు. ఊరివాళ్లు అడ్డుపడి వెనక్కి తెచ్చుకున్నారు. మనం ఆయన్ను పొగిడేటప్పుడు మొదటి సగమే చదువుతాం. ఆయన అన్నేళ్లూ అడిగిన ఆ ఏకాంతం ఎవరూ ఇవ్వలేదన్నది నన్ను కలచివేస్తుంది.

మార్కు సువార్త ఆరో అధ్యాయంలో శిష్యులు తిండికి కూడా తీరిక లేకుండా ఉంటే, ఏకాంత స్థలానికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమని ప్రభువు పిలిచాడు. జనం కాలినడకన ముందే అక్కడికి చేరారు. ఆయన వాళ్ల మీద జాలిపడి బోధించాడు. "చూశారా, ప్రభువే సెలవు మానుకున్నాడు" అంటారు కొందరు. ఇంకాస్త కిందికి చదవండి. అందరికీ రొట్టెలు పంచాక శిష్యులను పడవెక్కించి, జనాన్ని పంపేసి, ప్రార్థనకు ఆయన కొండెక్కాడు. జనాన్ని పంపేయడం కూడా సువార్తలోనే ఉంది.

అత్యవసరమైతే ఎట్లా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ఏ గురువైనా పాపవిమోచనం ఇవ్వవచ్చు, నూనె పూసి ఇచ్చే వ్యాధిగ్రస్తుల అభ్యంగనమూ ఏ గురువైనా ఇవ్వవచ్చు. మన ఫాదర్‌గారే రావాలని లేదు. అందుకని పక్కపక్క విచారణలు రెండేసి జత కడదాం. ఒకరికి సోమవారం, ఇంకొకరికి మంగళవారం. చావు కబురొస్తే జతలో ఉన్న ఫాదర్‌గారికి ఫోన్. మన ఎండలకు భూస్థాపన ఆపలేం కాబట్టి ఇది ముందే మాట్లాడుకోవాలి. ఆ రోజు బంగళా ఫోన్ సంఘం కార్యదర్శి దగ్గర ఉంటుంది. సర్టిఫికెట్లకు బుధవారం, శనివారం. సాయంత్రం జపమాల ఉపదేశిగారు నడిపిస్తారు. బైకులు మరుసటి రోజు దాకా ఆశీర్వాదం లేకుండా తిరగొచ్చు, హెల్మెట్ పెట్టుకుంటే చాలు. ఆ రోజు వంటమ్మకు కూడా సెలవే, క్యారియర్ వంతులు మరియదళం వాళ్లు చూస్తామన్నారు.

ఇక డబ్బు. పండుగ చందాల్లోంచి కొంత పక్కన పెట్టి ఫాదర్‌గారి ఏడాది సెలవు ఖర్చుకు ఇద్దాం. ఎక్కడికి వెళ్లారు, ఎవరితో వెళ్లారు అని లెక్క అడగొద్దు.

జతల లిస్టు ఆ చివర టేబుల్ మీద పెట్టాను. ఊళ్ల దూరాలు చూసి రాసింది, మార్పులుంటే పెన్సిల్‌తో దిద్దండి. సరిచేసిన కాపీ ఒకటి బిషప్‌గారి ఆఫీసుకు వెళ్లాలి, ఆయన సరేనంటేనే అమలు. మన వైపు నుంచి సంఘం పెద్దలు సంతకాలు పెడితే చాలు. ఫాదర్లను అడక్కండి, వద్దంటారు.