ఊపిరి చూడండి, ఆపైన తలుపు గొళ్ళెం చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. కొత్తగా అనస్థీషియా, అంటే మత్తు వైద్యం, పీజీలో చేరిన పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు. కార్డులో 'వైద్యరంగంలో మహిళల విజయాలు' అని వేశారు. అలాగే కానివ్వండి. మన హైదరాబాదు మనిషితోనే మొదలుపెడతాను.

రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి ఆడపిల్లల్లో ఒకరు. ఆ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. అక్కడ ఎడ్వర్డ్ లారీ అని ఒక సర్జన్ పాఠం చెప్పేవాడు. మహా పట్టుదల మనిషి. ఆపరేషన్‌కి క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి అనేవాడు. ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందని ఆయన నమ్మకం. అది తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరు వచ్చాడు, ఖర్చు నిజాం భరించాడు. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ప్రయోగం చేసి, పైపై మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని చూపించాడు. లారీ సిద్ధాంతం వీగిపోయింది. ఊపిరి చూడమన్న మాట మాత్రం నిలిచింది. రేపు థియేటర్లో మీరు చేయబోయేదీ అదే.

రూపాబాయి ఏళ్ళ తరబడి ఇక్కడి ఆస్పత్రుల్లో క్లోరోఫాం ఇచ్చారు. 1909లో ఎడిన్‌బరో వెళ్ళారు. మత్తుకి అప్పట్లో డిప్లొమా ఎక్కడిది? ఇంగ్లండులోనే అది 1935లో వచ్చింది. అందుకని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకున్నారు. ఇదీ విజయం. చప్పట్లు కొట్టండి, కొట్టారుగా, చాలు.

ఆమె గురించి చదివినప్పుడల్లా నాకొక సందేహం. రాత్రిపూట కేసొస్తే ఆవిడ ఎక్కడ నడుం వాల్చేవారో?

నవ్వకండి. నాకు పీజీ సీటొచ్చినప్పుడు చుట్టాలందరూ "ఆడపిల్లకి మత్తు మంచిదమ్మా, ఓపీ ఉండదు, ఇల్లు చూసుకోవచ్చు" అన్నారు. సిజేరియన్లు రాత్రి రెండింటికే వస్తాయని వాళ్ళకెవరు చెప్పాలి? నేను చదివినచోట డ్యూటీ రూం ఒక్కటే, అది మగపిల్లలది. మాకు సిలిండర్లు పెట్టే గది. తలుపుకి గొళ్ళెం లేదు. నేనూ నా తోటి పీజీ వంతులు వేసుకునేవాళ్ళం, ఒకరు పడుకుంటే ఇంకొకరు తలుపుకి వీపు ఆనించి కూర్చోవడం. బాత్రూం కావాలంటే కింద ప్రసూతి వార్డుకి పోవాలి. అందుకని నీళ్ళు తాగడం మానేశాం. యూరిన్ ఇన్ఫెక్షన్లకి మందులు మాకు మేమే రాసుకున్నాం. పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెబితే "కొన్నాళ్ళే కదమ్మా, సర్దుకోండి" అన్నారు. మా తర్వాత బ్యాచ్ కూడా సర్దుకుంది. ఆ తర్వాత బ్యాచ్ కూడా.

కార్డులో విజయాలని ఉందని నాకు తెలుసు. ఆర్గనైజర్లు గడియారం చూపిస్తున్నారు, అదీ కనబడుతోంది. ఒక్క నిమిషం.

2024 ఆగస్టులో కోల్‌కతాలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు కాసేపు పడుకోవడానికి సెమినార్ హాలుకి వెళ్ళాల్సి వచ్చింది, అక్కడే ఆమెని చెరిచి చంపేశారు. సుప్రీంకోర్టు టాస్క్‌ఫోర్స్ వేసింది, మనమంతా కొవ్వొత్తులు వెలిగించాం. అమ్మాయిలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ ఆస్పత్రిలో మీ డ్యూటీ రూంకి లోపల్నించి గొళ్ళెం పడుతుందా? పడేవాళ్ళు చెయ్యెత్తండి.

చూశారా.

నా తర్వాత సూపరింటెండెంట్ గారు మాట్లాడతారు. సార్, మీరు నాకు జూనియర్, అందుకే చనువుగా అడుగుతున్నాను. దీనికి టెండర్లు, శంకుస్థాపనలు అక్కర్లేదు. గొళ్ళేనికి ఒక వడ్రంగి, గది పక్కన బాత్రూంకి ఒక ప్లంబరు చాలు. నాకు శాలువా తర్వాత కప్పుదురుగానీ, ముందు మైకు తీసుకుని ఏ తారీకు లోపల అవుతుందో ఈ పిల్లలకి చెప్పండి.